ముప్పై ఎనిమిది స్తంభాల దూరం

మా డ్రిల్లు సారు పోయారని మొన్న గురువారం పొద్దున మా వీధిలో ఉండే ఖాలా వచ్చి చెప్పింది. చెప్పడం కూడా సారు నేర్పిన పద్ధతిలోనే చెప్పింది. మా గుమ్మం పట్టుకుని నిలబడి, పెదవులు సున్నాలా చుట్టి, ముందు ఊపిరంతా వదిలి, ఆ తర్వాత మాట.

"మాస్టర్ సాబ్ పోయిండు బేటీ. కుర్చీల కూసొని పేపర్ చదువుకుంట చదువుకుంట పోయిండు."

లోపల మంచం మీద బియ్యం ఏరుతున్న మా బాపమ్మ చాట పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒకటే అడిగింది.

"దమ్ముతోని పోయిండా?"

"లేదంట. గుండె ఆగిందంట. డాక్టర్ వచ్చి చూసి చెప్పిండు."

"దమ్ముతోని పోలే గదా?"

"లేదంటున్న గద అక్కా."

"గట్లయితె గెలిచిండు," అంది బాపమ్మ. అప్పుడు ఏడ్చింది.

ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల ఇంట్లో పెరిగిన వాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ల భయం చావంటే కాదు. ఆఖరి నిమిషంలో దమ్ము వచ్చి ఊపిరి అందదేమోనని. సారుకు ఆ నిమిషం రాలేదు. ఆయన చేతిలో పేపరు అట్లాగే ఉందట, మూడో పేజీ దగ్గర.

సారు పనిచేసిన బడివాళ్లు సభ పెడుతున్నారు. నన్ను మాట్లాడమన్నారు. నేను మాట్లాడలేను, రాసిస్తానన్నాను. తీరా రాయడానికి కూర్చుంటే ఏడుపు కన్నా ముందు ఆ ముప్పై ఎనిమిది స్తంభాలే గుర్తొస్తున్నాయి, చెయ్యి తొందరపడుతోంది. సంతాపం రాయమంటే ఈ పిల్ల సంబరం రాసిందేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోండి. మా వీధిలో సారును తలుచుకుంటే ఎవరికైనా ముందు కలిగేది హుషారే.

సారు సిద్దిపేట సర్కారు బడిలో ముప్పై రెండేళ్లు పిల్లలతో డ్రిల్లు చేయించారు. నేను చదివింది కాన్వెంటులో. అక్కడ మాకు మొదట నేర్పింది నోటి మీద వేలు పెట్టుకోవడం. నాకు అన్నిటికన్నా బాగా వచ్చింది అదే. వీధిలో కొందరు ఈ పిల్లకు మాటలు రావేమో అనుకునేవారు కూడా. కాబట్టి సారుకూ నాకూ పరిచయం బడిలో కాదు, లైబ్రరీలో. ఆయన పేపరు కోసం వచ్చేవారు, నేను నవలల కోసం. లైబ్రరీకి మూడు మెట్లు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి సారు తలెత్తి పైనున్న బోర్డు చదివేవారు. ఆ బోర్డు మీద ఉన్నవి రెండే మాటలు. రోజూ వచ్చే మనిషి రోజూ అంతసేపు ఏం చదువుతున్నాడా అని చాలాకాలం ఆశ్చర్యపోయాను. ఆ తర్వాత అర్థమైంది, ఆయన చదవడం లేదు, ఊపిరి కోసం ఆగుతున్నారు.

బీడీల వల్ల వచ్చిన జబ్బు. పిల్లలకు బీడీ తాగొద్దని చెప్పి, బడి గోడ వెనక్కి వెళ్లి తాను తాగేవారట. ఈ సంగతి ఆయనే అందరికీ చెప్పేవారు, దాచేవారు కాదు. హైదరాబాదులో పెద్ద దవాఖానలో ఊపిరి వ్యాయామాలు నేర్పుతారని డాక్టరు రాసిస్తే, వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్లి, ఎనిమిది వారాలు నేర్చుకుని వచ్చారు. నేర్పిన ఆమె ఆయన కూతురి కన్నా చిన్నది. అయినా ఆమె మాట వస్తే "మా టీచరమ్మ" అనేవారు.

ఎనిమిది వారాల తర్వాత ఒకరోజు లైబ్రరీ మెట్లు మూడూ ఆగకుండా ఎక్కారు. పైకి వచ్చి నా బల్ల దగ్గర నిలబడి, "చూసినవా?" అన్నారు. చూశానని తలూపాను. "మీ బాపమ్మ ఎట్లున్నది?" అని అడిగారు.

మా బాపమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. తంబాకు దుమ్ము, కట్టెల పొయ్యి పొగ కలిసి ఆమె ఛాతీని పట్టుకున్నాయి. అప్పటికి రెండేళ్లుగా మంచం మీదే. మంచం నుంచి వాకిట్లో ఉన్న బాత్రూముకు పది అడుగులు. ఆ పది అడుగులకు రెండుసార్లు ఆగేది. అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ఆమె మాట తెగిపోవడం. రెండు మాటలు, ఊపిరి, మళ్లీ రెండు మాటలు. ఒకప్పుడు ఆమె తిట్టడం మొదలుపెడితే వీధి చివరిదాకా వినబడేదట. ఇప్పుడు తిట్టు కూడా పూర్తయ్యేది కాదు.

సారు ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. వరసకు వదినె అని పిలిచేవారు ఆమెను.

"ఏం వదినె, లేస్తవా లేదా?"

"నేను... సుట్టిన బీడీలు... తాగినవ్. అందుకె... గిట్లయినవ్," అంది బాపమ్మ.

"నువ్వు సుట్టకపోతె నేను తాగకపోదును. ఒకే కట్టల బీడీలం మనిద్దరం. ఎనిమిది వారాలు నాకియ్యి. నడిపిస్త."

"నేనింగ... మంచంలనె... సస్త."

"మంచంల అందరు సస్తరు. అండ్ల ఏమున్నది గొప్ప? నడిచి సావు."

మా బాపుకు, అంటే మా నాన్నకు, కోపం వచ్చింది. బాపమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గితే దమ్ము వచ్చింది. అయినా మర్నాడు ఆమే చెప్పులు వెతికించింది.

సారు ఒక్క నియమం మాత్రం సడలించలేదు. డాక్టరు చిట్టీ లేనిదే ఎవరినీ చేర్చుకునేవారు కాదు. బాపు స్కూటరు మీద బాపమ్మను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె పరీక్ష చేసి, పీల్చే మందు సరిగ్గా ఎలా పీల్చాలో మళ్లీ చూపించి, నడవచ్చు, అలసిపోకుండా నడవాలి అని రాసిచ్చింది. అట్లా ఆరుగురు పోగయ్యారు. ఖాలా అందులో ఒకతె. వాళ్లది పరుపులు కుట్టే ఇల్లు. ముప్పై ఏళ్లు దూది ఏకే మిషను పక్కన బతికితే ఊపిరితిత్తుల్లోకి ఏం పోతుందో చెప్పనక్కర్లేదు.

మొదటిరోజు ఏం జరిగిందో చెప్పాలి. సారు బతికుంటే ఆయనే చెప్పేవారు.

సారు ఇంటి ముందు ఆరు కుర్చీలు వేశారు. తెల్ల ప్యాంటు, తెల్ల షర్టు వేసుకుని వచ్చారు, బడిలోలాగే. ఎదురుగా నిలబడగానే ఎనిమిది వారాల చదువు ఎక్కడికి పోయిందో, ముప్పై రెండేళ్ల అలవాటు నోట్లోకి వచ్చింది.

"అటెన్‌షన్! ఛాతీ ముందటికి! ఊపిరి పీల్చు! పీల్చు! బిగవట్టు!"

ఆరుగురూ సర్కారు బడి పిల్లల్లా బిగబట్టారు. ఖాలా ముఖం ఎర్రబడింది. బాపమ్మ కళ్లు తేలేసి కుర్చీలోంచి పక్కకు జారింది, బాపు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. "సారూ, మా అవ్వను సంపుతరా ఏంది!" అని వీధంతా వినేట్టు అరిచాడు. సారు మర్నాడు పొద్దున బస్సెక్కి హైదరాబాదు వెళ్లి, టీచరమ్మకు జరిగిందంతా చెప్పి, తిట్లు తిని వచ్చారు. ఆ మరుసటి రోజు ఆరు ఇళ్లకూ తిరిగారు. మా ఇంట్లో నేల మీదే కూర్చున్నారు.

"తప్పు జెప్పిన వదినె. పిల్లగాండ్లకు జెప్పేది మీకు జెప్పిన. మన జబ్బు గాలి అందక కాదు, పాత గాలి బయటికి పోక. నిండిన బిందెల నీళ్లు పోస్తె ఏమైతది? ముందుగాల ఒంపాలె. ఒంపుడు నేర్పుత, మళ్ల రా."

"మళ్ల బిగవట్టుమంటె?" అన్నాడు బాపు.

"అంటె నా నెత్తిమీద ఒక్కటి పీకు. అలవాటు ఇడుసుడు బీడీ ఇడుసుడు కన్న కష్టమున్నది బిడ్డా."

ఆ 'తప్పు జెప్పిన' అనే మాట నేను అంతకు ముందు ఏ టీచరు నోటా వినలేదు. కాన్వెంటులో అసలే వినలేదు. అదే రోజు నన్ను పిలిచి, "నువ్వు లెక్కవెట్టు" అన్నారు. నాకు గొంతు పెగలదని చెప్పాను. "గొంతెందుకు? లెక్క తప్పకుంటె సాలు" అన్నారు.

అట్లా నేను లెక్కల మనిషినయ్యాను. ముక్కుతో పీల్చేటప్పుడు రెండు, పెదవులు సన్నగా చేసి వదిలేటప్పుడు నాలుగు. పడుకుని చేసేటప్పుడు పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకోవాలి, పీలిస్తే పుస్తకం లేవాలి, వదిలితే దిగాలి. ఇంట్లో సరిపడా బరువున్న పుస్తకం నా లైబ్రరీ నవల ఒక్కటే. దాని గడువు మూడుసార్లు పొడిగించుకున్నాను. బాపమ్మ పొట్ట మీద లేస్తూ దిగుతూ ఉన్న ఆ పుస్తకాన్ని పక్కనే కూర్చుని చదవడానికి ప్రయత్నించేదాన్ని కూడా. దమ్ము వచ్చినప్పుడు కంగారుపడి పడుకోవద్దని, కిటికీ గట్టు మీదో, సైకిలు సీటు మీదో చేతులు ఆనించి ముందుకు వంగమని సారు చూపించారు. నీళ్ల సీసా ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. కష్టమైన పని ఏదైనా ఊపిరి వదులుతూ చెయ్యాలి.

"అలిసేదాక నడువద్దు. అలిసేటందుకు ముందే కూసోవాలె," అనేవారు. ఎవరైనా పట్టుదలకు పోయి రెండడుగులు ఎక్కువ వేస్తే మెచ్చుకునేవారు కాదు, కోప్పడేవారు.

వాళ్లు నడక మొదలుపెట్టిన పదిహేను రోజులకు తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, మా కాలేజీ ఆగింది, ఆఫీసులు మూతపడ్డాయి. ఊరంతా కష్టపడుతున్న ఆ రోజుల్లో ఒక్క మా క్లాసుకు మాత్రం పండగ. రోడ్డు మీద లారీ లేదు, బస్సు లేదు, పొగ లేదు. ఎప్పుడూ పక్కకు తప్పుకుంటూ నడిచేవాళ్లు రోడ్డు మధ్యలో, వరసగా, పెళ్లివారిలా నడిచారు.

"గింత మంచి గాలి నా చిన్నప్పుడు పీల్చిన, మళ్ల గిప్పుడే," అంది బాపమ్మ. ఆ మాటను ఆమె మధ్యలో ఒక్కసారి మాత్రమే ఆగి చెప్పింది. నేను గమనించి సారు వైపు చూశాను. ఆయన అప్పటికే గమనించారు.

దూరాన్ని కరెంటు స్తంభాలతో కొలిచేవాళ్లం. ఎవరు ఎంతవరకు నడిస్తే ఆ స్తంభం మీద సుద్దముక్కతో గుర్తు పెట్టడం నా పని. 'బా' అంటే బాపమ్మ, 'ఖా' అంటే ఖాలా, 'సా' అంటే సారు. మొదటిరోజు బాపమ్మ రెండో స్తంభం దగ్గర కూర్చుంది. వారానికి ఐదు. ఇంకో వారానికి తొమ్మిది. తొమ్మిదో స్తంభం దగ్గర మిర్చీల బండి ఉంది. రెండేళ్ల తర్వాత దాన్ని చూసి, బంధువును చూసినట్టు నిలబడిపోయింది. సమ్మె వల్ల బండి మీద పొయ్యి లేదు, కడాయి లేదు, వట్టి బండి. అయినా సరే.

నడుస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవడం ఖాలాకు విసుగ్గా ఉండేది. ఆమే ఉపాయం చెప్పింది. "నంబర్లు నక్కో మాస్టర్ సాబ్. ఊపిరి వదిలేటప్పుడు జై తెలంగాణ అనుకుంటం. జై, తెలం, గా, ణ. చార్ ఖదం."

సారు అక్కడికక్కడే నాలుగు అడుగులు వేసి చూశారు. సరిగ్గా సరిపోయింది. ఆయన ముఖం పిల్లాడి ముఖంలా అయింది. "అనుకోవాలె గని బయటికి అనొద్దు," అన్నారు. "నినాదమిస్తె ఊపిరి ఖర్సయితది."

ఇంకో పరీక్ష కూడా ఉండేది. నడుస్తూ నడుస్తూ తన పేరు, బాపు పేరు, పుట్టిన ఊరు తెగకుండా చెప్పాలి. చెప్పగలిగితే నడవచ్చు. మధ్యలో తెగితే ఎక్కడున్నవాళ్లు అక్కడే కూర్చోవాలి. మా వీధిలో ఎవరి తండ్రి పేరేమిటో నాకు ఆ నడకల్లోనే తెలిసింది. బాపమ్మది దుబ్బాక పక్క ఊరు. 'దుబ్బాక' దాకా వచ్చి ఊపిరి అయిపోయేది. అసలు ఊరి పేరు చాలా రోజులు మాకు దక్కలేదు.

ఒకరోజు ఒక కానిస్టేబుల్ మమ్మల్ని ఆపాడు. నలుగురికి మించి గుంపుగా తిరగొద్దని అప్పుడు ఉత్తర్వులు ఉండేవి. వరసగా వస్తున్న ఏడుగురిని, నన్ను, స్తంభాల మీది సుద్ద గుర్తులను చూసి అతనికి అనుమానం వచ్చింది.

"ఏంది పెద్దమనిషీ ర్యాలీ? ఆ స్తంభాల మీద కోడ్ ఏంది? సా అంటె ఏంది?"

"సా అంటె సారు. నేనే," అన్నారు సారు.

"బా అంటె?"

"నేను," అంది బాపమ్మ.

"మరి మూతులు అట్ల వెట్టి ఏం గునుగుతున్రు?"

"జై తెలంగాణ," అని ఖాలా ఉన్నమాట చెప్పేసింది.

నేను సుద్దముక్కను పిడికిట్లో దాచుకున్నాను. సారు మాత్రం తాపీగా, నాలుగు మాటలకోసారి ఆగుతూ, ఊపిరితిత్తుల్లో పాత గాలి ఎలా చిక్కుకుంటుందో, ఎలా ఒంపాలో ఆ కానిస్టేబుల్‌కు పాఠమంతా చెప్పారు. అతను లాఠీ చంకలో పెట్టుకుని విన్నాడు. చివరికి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మా అమ్మకు గూడ దమ్మున్నది సార్. తోలుకరావాల్నా?" అన్నాడు.

"డాక్టర్ చిట్టీ తీసుకొని రా," అన్నారు సారు.

పాత బస్టాండు దగ్గర ఉద్యమ శిబిరం నడుస్తుండేది. రోజుకో సంఘం వాళ్లు వచ్చి రిలే దీక్షలో కూర్చునేవారు. ఒక సోమవారం బీడీ కార్మికుల వంతు వచ్చింది. బాపమ్మతో కలిసి చుట్టిన ఆడవాళ్లు ముందురోజు మా ఇంటికి వచ్చి, ప్రేమగానే, "అవ్వా, నువ్వు రాకున్న నీ పేరు రాస్తం తీ," అన్నారు.

వాళ్లు వెళ్లిపోగానే బాపమ్మ సారును పిలిపించింది.

"పేరు పోతదట సారూ. మనిషి అక్కర్లేదట. నలభై ఏండ్లు సుట్టింది పేరా, నేనా?"

మా వీధి నుంచి శిబిరానికి ముప్పై ఎనిమిది స్తంభాలు. బాపమ్మ అప్పటికి నడిచింది ఇరవై ఆరు. ఆ రోజు బంద్, ఆటోలు తిరగవు, స్కూటరు తీసినా చౌరస్తాలో ఆపుతారు. పోతే నడిచే పోవాలి. బాపు ససేమిరా అన్నాడు. "నడిమిట్ల పడిపోతె ఎవడు జవాబు? ఇన్నొద్దులు నడిచింది సాలదా?" సారు బాపుతో వాదించలేదు. బాపమ్మకే షరతులు పెట్టారు. ఆకలితో కూర్చోవద్దు, మందు మానొద్దు, ఎక్కడ తెగితే అక్కడ కూర్చోవాలి, కూర్చోవడం ఓడిపోవడం కాదు. అన్నిటికీ ఒప్పుకుంది. బాపు విసవిసా బయటికి వెళ్లిపోయాడు.

పొద్దున్నే బయలుదేరాం. ఆరుగురు, సారు, నేను. ఐదు స్తంభాలకోసారి కూర్చున్నాం, అలిసినా అలవకపోయినా. బాపమ్మ పసుపు రంగు చీర కట్టుకుంది. ఇరవై ఆరో స్తంభం దాటగానే నేను సుద్దముక్క తీశాను. "రాయకు, నడువు," అంది. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. లెక్క తప్పుతానేమోనని వేళ్లు మడుచుకోవడం మొదలుపెట్టాను. ఇరవై తొమ్మిది దాటాక నాకు ఇంకో సంగతి తట్టింది. సారు గుర్తు కూడా అక్కడితో ఆగిపోయింది. ముప్పై ఎనిమిది స్తంభాలు ఆయన కూడా ఎన్నడూ నడవలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ముప్పై ఒకటో స్తంభం దగ్గర చౌరస్తా. నలుగురు యువకులు టైర్లు దొర్లించుకొచ్చి రోడ్డుకు అడ్డంగా వేస్తున్నారు. ఒకతని చేతిలో కిరోసిన్ సీసా, ఒకతని చేతిలో అగ్గిపెట్టె.

"ఒరేయ్, డ్రిల్లు సారురా!" అన్నాడు సీసా పట్టుకున్నతను. రెండోవాడు అగ్గిపెట్టెను చటుక్కున వీపు వెనక దాచుకున్నాడు, బడిలో బీడీ దాచుకున్నట్టు.

సారు చెయ్యెత్తారు కానీ మాట రాలేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగారు. మెడ నరాలు తేలాయి. నేను కదల్లేకపోయాను. బాపమ్మ కదిలింది. ఆయన ఎదురుగా వెళ్లి నిలబడింది.

"సారూ, నీ బాపు పేరు జెప్పు."

సారు చెప్పలేకపోయారు.

"తెగింది. కూసో." చుట్టూ చూసింది. కుర్చీ లేదు, అరుగు లేదు. "బిడ్డా, గా టైరు ఇట్ల దొర్లియ్యు. ఇంకోటి దాని మీద వెయ్యి."

వాళ్లు వేశారు. సారు టైర్ల మీద కూర్చుని పీల్చే మందు తీసుకున్నారు. బాపమ్మ ఆయన ముందు నిలబడి చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ చెప్పింది. "ముందుగాల ఒంపు. నిమ్మలంగ. పీల్చు... ఇడువు... ఏయ్, బిగవట్టకు! గది నీ పాత రోగం."

సారుకు అంత దమ్ములోనూ నవ్వొచ్చింది. ఆయన రంగు మెల్లగా మామూలైంది.

అగ్గిపెట్టె అబ్బాయి దగ్గరికి వచ్చాడు. "సార్, ఇయ్యాల కాలవెట్టాలె సార్. ఉద్యమం."

"నాది గూడ... ఉద్యమమే," అన్నారు సారు. "వద్దంటలేను. ఈళ్లు దాటేదాక... ఆగుర్రి."

"దాటినంక గూడ ఎందుకు బేటా?" అంది ఖాలా. "మేం వాపస్ రావద్దా?"

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకతను మిగతా టైర్లను కూడా రెండేసి చొప్పున పేర్చాడు. మా ఆరుగురూ రోడ్డుకు అడ్డంగా వరసగా వాటి మీద కూర్చున్నారు. రోడ్డు ఎట్లాగూ బంద్ అయింది, పొగ లేకుండా. పావుగంట కూర్చున్నాం. తర్వాత సారు తన పేరు, తన బాపు పేరు, ఊరి పేరు ఒక్క గుక్కలో చెప్పి లేచారు. నలుగురు యువకులూ వెనకే వచ్చారు. వాళ్లు గట్టిగా నినాదం ఎత్తుకోబోతే బాపమ్మ వేలు చూపించి మనసులోనే అనుకొమ్మంది. అంతమంది నోరు మూసుకుని జై తెలంగాణ అనుకుంటూ నడిచిన ఊరేగింపు ఇంకెక్కడైనా జరిగిందో లేదో నాకు తెలియదు.

ముప్పై ఎనిమిదో స్తంభం శిబిరం పందిరికి ఆనుకునే ఉంది. బాపమ్మ దాన్ని అరచేత్తో ముట్టుకుంది. బీడీ ఆడవాళ్లు లేచి వచ్చి ఆమెను పట్టుకోబోతే వద్దని తానే నడిచి తెల్లగుడ్డ మీద కూర్చుంది. కొంతసేపటికి ఒకరొకరి దగ్గరికీ మైకు తెచ్చి పేరు చెప్పమన్నారు. బాపమ్మ మైకు పట్టుకుని, అలవాటు చొప్పున తన పేరు, తన బాపు పేరు, దుబ్బాక పక్క ఊరు, ఆ ఊరి పేరు తెగకుండా చెప్పింది. ఇంకా ఊపిరి మిగిలింది. అప్పుడే గుంపు వెనక సైకిలు పట్టుకుని నిలబడ్డ మా బాపు ఆమె కంటబడ్డాడు. సైకిలు క్యారియర్‌కు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తాడుతో కట్టి ఉంది. పొద్దుటి నుంచీ రెండు స్తంభాల వెనక, మాకు కనబడకుండా వస్తూనే ఉన్నాడన్నమాట.

"అగో మా కొడుకు, వద్దన్నోడు గీడిదాక ఎందుకొచ్చినవ్ రా, ఆ కుర్చీ ఎవనికి తెచ్చినవ్ రా, ఇంటికి తాళమన్న ఏసినవా లేకుంటె వాకిలి బార్ల తెరిసి ఒచ్చినవా?"

ఊరంతా మైకులో విన్నది. పందిరి కింద నవ్వులే నవ్వులు. బాపు తల దించుకుని నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేను సారు వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. కళ్లు మూసుకుని, పాట వింటున్నట్టు వింటున్నారు. రెండేళ్ల తర్వాత మా బాపమ్మ తిట్టు ఒకటి మొదలై, తెగకుండా, పూర్తయింది.

ఆ తర్వాత సారు ఏడాదికి పైగా ఉన్నారు. క్లాసులో పదముగ్గురయ్యారు, కానిస్టేబుల్ వాళ్లమ్మతో సహా. వానకు సుద్ద గుర్తులు చెరిగిపోతే, "పోనీ, మళ్ల మొదటి నుంచి రాయి," అనేవారు. జబ్బు పోతుందని ఆయన ఎవరికీ చెప్పలేదు. "జబ్బు మనతోనే ఉంటది. మనం దానితోని ఇంట్ల ఉండుడెందుకు, దాన్నే బజారుకు తీసుకపోదాం," అనేవారు. బాపమ్మ ఇప్పుడు కూరగాయలు తానే తెచ్చుకుంటుంది. చలికాలంలో నడక తగ్గుతుంది, ఎండలు రాగానే మళ్లీ మొదలుపెడుతుంది. తెలంగాణ ఇంకా రాలేదు. వస్తుందని సారు చివరి రోజు దాకా పేపరు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి చదివేవారు.

గురువారం మధ్యాహ్నం సారును తీసుకెళ్లారు. పాడె మోసినవాళ్లు ఆయన పాత విద్యార్థులు, బలమైనవాళ్లు, పెద్ద పెద్ద అంగలు వేశారు. డప్పులు ముందు సాగాయి. వెనక మా క్లాసు వాళ్లు పదముగ్గురు బయలుదేరారు. మా దగ్గర ఆడవాళ్లు దింపుడు కల్లం దాకా పోతారు. అక్కడ పాడెను ఒకసారి నేల మీదికి దించి, చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తారు, ప్రాణమేమైనా మిగిలిందేమోనని. పిలిచి, ఒక నిమిషం చూసి, మళ్లీ ఎత్తుకుంటారు.

సారు కొడుకు వంగి మూడుసార్లు పిలిచాడు. మోసేవాళ్లు ఎత్తుకోవడానికి వంగి, వెనక్కి చూసి, మళ్లీ నిలబడ్డారు. బాపమ్మ, ఖాలా, మిగిలినవాళ్లు ఇంకా దూరంలో ఉన్నారు, ఆగుతూ, కూర్చుంటూ, వస్తూనే ఉన్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. ఒక్కొక్కరే చేరుకున్నారు. పాడె చుట్టూ నిలబడి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగారు. ఎండలో, ఆ రోడ్డు మీద, పదముగ్గురు మనుషులు పెదవులు సన్నగా చేసి నిదానంగా ఊపిరి వదులుతున్న చప్పుడు ఒక్కటే వినబడింది. పాడె మోసేవాళ్లు భుజాల మీద తువ్వాళ్లు సర్దుకుని, ఆ చప్పుడు సద్దుమణిగే దాకా అట్లాగే నిలబడ్డారు.